తోడువేళ్ళు

ముప్పై తొమ్మిదో కోడికాలిలో వేసిన కుట్లు కూడా నిలబడ్డాయి.

"నీళ్ళు వదులమ్మా," అన్నాడు డాక్టర్ ఆదినారాయణ, మైక్రోస్కోపు మీంచి కళ్ళు తీయకుండానే.

జలజ సిరంజి నొక్కింది. ఎర్రరంగు కలిపిన నీళ్ళు కోడి తొడలోని రక్తనాళంలోకి మెల్లగా పాకాయి. అగ్గిపుల్లలో సగం మందం కూడా లేని నాళం అది. అరగంట కిందట దాన్ని ఆయనే అడ్డంగా రెండు ముక్కలు చేశాడు. వెంట్రుక కంటే సన్నని దారంతో ఎనిమిది కుట్లు వేసి మళ్ళీ ఆయనే కలిపాడు. రంగునీళ్ళు కుట్ల దగ్గరికి వచ్చాయి, దాటాయి, అవతలి చివర నుంచి పళ్ళెంలోకి కారాయి. మధ్యలో ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు.

ఆదినారాయణ వెనక్కి వాలి మెడ విరుచుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా హెర్నియాలూ అపెండిక్సులూ కోసిన చేతులు ఆయనవి. పెద్దవి, బలమైనవి. ఈ పనికి పనికిరావని ఆయనే చెప్పుకునేవాడు. ఇప్పుడు ఆ కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి ఉల్లిపొర లాంటి తొడుగులున్నాయి. మణికట్టు దాకా సన్నని తీగ ఉంది.

"ఐదో కుట్టు దగ్గర బిగించబోయానమ్మా. మీ అత్తగారు చెయ్యి పట్టుకున్నారు."

"తెలిసింది సార్. తెర మీద కనబడింది."

"ఇంట్లో మా ఆవిడ, ఇక్కడ మీ అత్తగారు. ఒక్కచోటైనా నా ఇష్టం సాగనిస్తారా?"

జలజ నవ్వింది. ఆ తొడుగులు ఆమె తయారుచేసినవే. అవి చేసే పని నిజానికి అంతే. దారం తెగబోయే ముందు, నాళం చిరగబోయే ముందు, అనుభవం ఉన్న చెయ్యి ఎక్కడ ఆగుతుందో అక్కడ అవి వేలిని ఆపుతాయి. ఎక్కడ కాస్త లాగుతుందో అక్కడ లాగనిస్తాయి. ఆ అనుభవం జలజ అత్తగారు పల్లా కనకరత్నానిది. నరసాపురంలో పుట్టి, ఎనిమిదో ఏట కొక్కెం సూది పట్టి, అరవై మూడేళ్ళు వచ్చేదాకా లేసు అల్లిన చెయ్యి. రెండేళ్ళపాటు రోజూ సాయంత్రం రెండు గంటలు ఆమె మరో జత తొడుగులు వేసుకుని అల్లింది. ఆ తొడుగులు ఆమె వేళ్ళ నరాల్లో నడిచే కబురు విని దాచుకున్నాయి. ఆ దాచుకున్నది ఇప్పుడు ఆదినారాయణ చేతికి తోడు వస్తోంది. ల్యాబులో అందరూ వాటిని తోడువేళ్ళు అనేవారు. రోగుల మీద వాడడానికి అనుమతి కోరుతూ ఎథిక్స్ కమిటీకి పెట్టిన దరఖాస్తులో కూడా అదే పేరు పడింది.

"రేపు నలభయ్యోది. గురువారం కమిటీ," అన్నాడు ఆదినారాయణ తొడుగులు జాగ్రత్తగా ఒలుచుకుంటూ. "ఆ కోడిమాంసం కొట్టువాడు ఏమన్నా అడుగుతున్నాడా?"

"అడక్కేం సార్. రోజూ కాళ్ళే పట్టుకెళ్తున్నారు, మీ ఇంట్లో మిగతా కోడి ఎవరూ తినరా అంటున్నాడు."

ఆయన నవ్వుతూనే కిటికీ దగ్గరికి వెళ్ళి, కాసేపటికి నవ్వు ఆపాడు. కింద క్యాజువాలిటీ మెట్లు కనబడతాయి అక్కణ్ణుంచి. కిందటి వారం ఆ మెట్ల మీద ఒక మనిషి కూర్చున్నాడు. గడ్డి కోసే మిషనులో రెండు వేళ్ళు పోయాయి. ఆ వేళ్ళని ఐస్‌ముక్కలు వేసిన పాలిథిన్ కవర్లో పెట్టి పట్టుకొచ్చాడు. వాటిని కుట్టగలిగే డాక్టరు రాజమహేంద్రవరం మొత్తంలో ఆ రోజు లేడు. విశాఖపట్నం పంపారు. చేరేసరికి ఆలస్యమైపోయింది. అచ్యుతాంబ మెమోరియల్ ఆసుపత్రికి ఏడాదికి ఇలాంటివాళ్ళు నూట నలభై మంది వస్తారు. నూట నలభై కవర్లు.

"గురువారం అయిపోతే ఆ కవరు మనం విప్పొచ్చు," అన్నాడాయన.

దరఖాస్తు ఇరవై రెండు పేజీలు. రోగుల మీద పరీక్ష ఒక భాగం. రెండో భాగంలో నరసాపురం చుట్టుపక్కల నుంచి ఇంకో పన్నెండు మంది లేసు అల్లే ఆడవాళ్ళ చేతులు నమోదు చెయ్యాలి. చిన్నపిల్లల నాళాలకి ఇంకా సన్నని అల్లిక తెలిసిన చేతులు కావాలి. ఆ పన్నెండు మందినీ కనకరత్నమే ఒప్పించింది. పద్దెనిమిదో పేజీలో "చేతిని ఇచ్చినవారికి కలిగిన నష్టం" అన్న చోట జలజ "లేదు" అని రాసి సంతకం చేసింది.

ఆ "లేదు" ఊరికే రాసింది కాదు. రెండేళ్ళలో నూట నాలుగు వారాలు. ప్రతి శనివారం ఒక కాగితం. "ఈ వారం తమకు ఏమైనా బాధ లేక అసౌకర్యం కలిగినదా?" నూట నాలుగు సార్లూ కనకరత్నం "లేదు" ఎదురుగా టిక్కు పెట్టింది.

*

ఆదివారం శీలావతి చేప తెచ్చాడు జలజ భర్త శేషగిరి. రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగం అతనిది. వారంలో ఇంట్లో అన్నం తినేది ఆ ఒక్కపూటే. అందుకని ఆ పూట చేపా, చింతపులుసూ తప్పవు.

శీలావతికి ముళ్ళెక్కువ. సూదిలాంటివీ, చివర రెండుగా చీలినవీ కండలో దాక్కుని ఉంటాయి. ఆ ఇంట్లో పిల్లకి చేప తినిపించే పని మొదట్నించీ కనకరత్నానిదే. టీవీ వైపో, కిటికీ వైపో చూస్తూ మూడు వేళ్ళతో ముక్క మెదుపుతుంది. ముళ్ళు వాటంతట అవే పళ్ళెం అంచుకి వచ్చి వరసగా పడుకుంటాయి. ఏడేళ్ళ ఇందు ఆ ముద్దల్లో ఇంతవరకూ ఒక్క ముల్లు ఎరగదు.

ఆ రోజు మూడో ముద్దకే ఇందు కళ్ళు పెద్దవి చేసి గొంతు పట్టుకుంది.

"ముల్లు... నానమ్మా, ముల్లు!"

శేషగిరి లేచి పిల్ల వీపు నిమిరాడు. జలజ ఉత్త అన్నం పెద్ద ముద్ద చేసి నమలకుండా మింగించింది. రెండో ముద్దకి ముల్లు దిగిపోయింది. ఇందు కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు నా పొట్టలో చేప పుడుతుందా?" అని అడిగింది. శేషగిరి పకపకా నవ్వాడు.

"అమ్మ చేతి ముద్దలో ముల్లు రావడం నేను పుట్టాక ఇదే. పేపర్లో వేయించాలి."

కనకరత్నం నవ్వలేదు. లేచి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుంది. పళ్ళెం వెలుతురు వైపు జరుపుకుని, ముక్క మీదికి వంగి, కళ్ళతో ముళ్ళు వెతకడం మొదలుపెట్టింది.

జలజ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

భోజనాలయ్యాక, శేషగిరి పడుకున్నాక, జలజ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అత్తయ్యా, ఒకసారి కళ్ళు మూసుకుని చెయ్యి ఇవ్వండి."

"ఏవిటే, చిన్నపిల్లల ఆటలు."

"ఇవ్వండి."

కుడిచేతి వేళ్ళ మధ్య చొక్కా గుండీ పెట్టింది. కనకరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"రూపాయి బిళ్ళ."

చింతపిక్క పెట్టింది. "గుండీ."

మూడోసారి జలజ ఆమె వేళ్ళ మధ్య ఏమీ పెట్టకుండా తన చెయ్యి తీసేసుకుంది. కనకరత్నం చాలాసేపు వేళ్ళు రుద్దింది. "ఇదేదో మెత్తటిది," అంది చివరికి.

ఎడమచేతికి అవే ఇస్తే తడుముకోకుండా చెప్పింది. కుడిచేతి ఉంగరంవేలూ, చిటికెనవేలూ చెప్పాయి. మిగిలిన మూడూ చెప్పలేదు. సరిగ్గా తొడుగులు వేసుకున్న మూడూ.

జలజ గోడకి ఆనుకుంది. నరాల కబురు వినడానికి తొడుగు నుంచి చీమ కుట్టినంతైనా తెలియని కరెంటు నడుస్తుంది. రోజుకి రెండు గంటలు. రెండేళ్ళు. వింటూ వింటూ అది నరాన్ని నిద్రపుచ్చింది.

"ఎప్పట్నించి?"

"కార్తీకం నించి కాస్త కాస్తగా అనుకుంటా. ఈ మధ్యే పూర్తిగా."

"నాలుగు నెలలా! ప్రతి శనివారం అడిగాను కదత్తయ్యా!"

"నువ్వడిగింది బాధుందా అని. బాధేం లేదే! బాధుంటే చెప్పనా?" కనకరత్నం ముక్కల గిన్నె కడుగుతూ మామూలుగానే అంది. "లేసు అల్లేవాళ్ళ వేళ్ళు మొద్దుబారకుండా ఉంటాయా? మా అమ్మ బొటనవేలు గిన్నె అడుగులా ఉండేది. పొయ్యిలో నిప్పు తీసి మా నాన్న చుట్టకి అంటించేది. కొత్తగా పని నేర్చుకునే పిల్లకి వేలు మొద్దుబారితే, అమ్మయ్య, పని అబ్బిందీ అనుకునేవాళ్ళం. అది డాక్టరుకి చెప్పేదా?"

"మరి ఇప్పుడు కూడా అదే అనుకుంటున్నారా?"

కనకరత్నం గిన్నె బోర్లించింది.

"లేదు. మొన్న ఇందుకి ఒళ్ళు వెచ్చగా ఉందన్నావు చూడు. నేను అరగంట ముందే దాని నుదురు ముట్టుకున్నాను. చల్లగానే ఉందనుకున్నాను."

*

సోమవారం ఆదినారాయణ అంతా విని, లేచి గది తలుపు వేశాడు.

"ఆవిడ పని అయిపోయింది కదమ్మా. నమోదు పూర్తయి నెల దాటింది. గురువారం వాళ్ళు చూసేది రోగికి ప్రమాదం ఉందా లేదా అని. రోగి వేసుకునేవి కాదు, నేను వేసుకునేవి. అవి ఆపడమే తప్ప వినవు. వాటిలో నరాన్ని తాకే కరెంటే లేదు."

"పద్దెనిమిదో పేజీలో లేదు అని రాశాను సార్."

"అప్పటికి నీకు తెలిసింది రాశావు. మొదలుపెడదాం. మొదటి రిపోర్టులో ఇదీ చెబుదాం. దాచమనడం లేదు."

"ఈలోపు ఆ పన్నెండు మందీ వేసుకుంటారు."

ఆదినారాయణ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈసారి తిప్పి పంపితే మళ్ళీ కమిటీ మూడు నెలలకి. మూడు నెలలంటే ఎన్ని కవర్లో నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ముప్పై అయిదు. జలజ దారిపొడుగునా ఆ అంకెనే లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చింది.

వరండాలో కనకరత్నం ఒళ్ళో తెల్లటి అల్లిక ఉంది. బల్ల మీద పరిచే గుండ్రటి లేసు, పళ్ళెమంత అయింది. జలజ చెప్పులు విప్పుతూనే డాక్టరు అన్నది చెప్పింది.

"ఆయనన్నదే నిజం," అంది కనకరత్నం తలెత్తకుండా. "చెప్పకు. నా వేళ్ళు, నా ఇష్టం. యాభై ఏళ్ళు అల్లినవన్నీ ఎవరెవరి బల్లల మీదో ఉన్నాయి. ఒక్కటైనా నాదని ఎవరికైనా తెలుసా? ఇప్పుడు మనిషి వేలు అతుకుతుందీ నా చేత్తో అంటే... అదలా ఉంచు. నువ్వు మాత్రం చెప్పకు."

మాట్లాడుతూనే అల్లికని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. వెనక్కి తిప్పింది. వేలితో కాదు, సూది మొనతో అల్లికలోని ఒక్కొక్క దారపు కన్నూ లెక్కపెట్టింది. పద్నాలుగు వరసల లోపల ఒక కన్ను తప్పిపోయింది. అంతకుముందైతే ఆ కన్ను దాటుతుండగానే వేలికి తగిలేది. ఆమె సూది పక్కన పెట్టి, దారం కొస పట్టుకుని లాగింది. వరస వెనక వరస గర్రున ఊడిపోసాగింది.

"అయ్యో అత్తయ్యా! నాలుగు రోజుల పని. ఆ ఒక్క కన్నూ ఎవరికి కనబడుతుంది?"

"ఎవరికీ కనబడదు. కానీ పైన అల్లినవన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి గదే."

అని, తనే ఆగిపోయింది. దారం వేళ్ళ మధ్య అలాగే ఉంది. వీధిలో కొబ్బరిబోండాల రిక్షా గంట కొట్టుకుంటూ వెళ్ళింది.

"ఆ పన్నెండు మందిలో నా తోడికోడలు సుందరి ఉంది," అంది. "మా చర్చి వీధి గ్రేసమ్మ ఉంది. దాని కూతురు నెల తప్పింది. రేపు మనవణ్ణి ఎత్తుకోవాలి, నీళ్ళు పొయ్యాలి, నీళ్ళ వేడి చూసుకోవాలి. ఏం కాదే గ్రేసూ, నేనున్నాను గదా అన్నాను దానితో." మిగిలిన వరసలు కూడా లాగేసి దారం ఉండ చుట్టింది. "గురువారం ఎన్నింటికి?"

"పదకొండింటికి. మీరెందుకు?"

"వేళ్ళు నావి. నువ్వెళ్ళి వాటి సంగతి చెప్తే ఏం బావుంటుంది?"

*

కమిటీ గదిలో తొమ్మిది మంది కూర్చున్నారు. అధ్యక్షురాలు డాక్టర్ విమలాదేవి, వైద్య కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పక్కన లాయరు సత్తిరాజు. చివరి కుర్చీలో అనంతలక్ష్మి. ఆడపిల్లల హాస్టలు వార్డెను. వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు కమిటీలో ఉండాలన్న నియమం ప్రకారం వచ్చింది. ప్రతి కాగితాన్నీ పైకి చదివి గాని సంతకం పెట్టదని ఆవిడకి పేరు.

ఆదినారాయణ నలభై కోడికాళ్ళ లెక్క చూపించాడు. తొడుగులు లేకుండా తను కుట్టిన పదింటిలో తొమ్మిది కారాయి. తొడుగులతో నలభైకి నలభై నిలబడ్డాయి. సభ్యులు ఒకరినొకరు చూసుకుని తలలూపారు. విమలాదేవి కలం మూత తీసింది.

జలజ లేచి నిలబడింది.

"మేడమ్, పద్దెనిమిదో పేజీలో నేను రాసింది తప్పు. చేతిని ఇచ్చిన మనిషికి నష్టం జరిగింది. నాకు ఆదివారం తెలిసింది."

గుండీ, చింతపిక్క, కరెంటు, అన్నీ వరసగా చెప్పింది. రెండో భాగాన్ని ఇప్పుడున్న తొడుగులతో జరపడానికి తానే ఒప్పుకోనని చెప్పింది.

సత్తిరాజు పేజీ తిప్పి చూశాడు. "ఇక్కడ సంతకం తమదే కదమ్మా?"

"నాదేనండి. అందుకే నేను చెబుతున్నాను."

"నూట నాలుగు కాగితాల్లో లేదు అనే ఉంది. మరి ఇవన్నీ ఏమిటి?"

"ఆ కాగితం ఇలా ఇవ్వండి," అంది అనంతలక్ష్మి. అలవాటు ప్రకారం పైకి చదివింది. "ఈ వారం తమకు ఏమైనా బాధ లేక అసౌకర్యం కలిగినదా? ...ఆవిడ వచ్చారా?"

కనకరత్నం ఇస్త్రీ చేసిన నేతచీరలో లోపలికి వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. చేతులు బల్ల మీద పెట్టుకుంది.

"ఏమ్మా, బాధ కలిగిందా?" అని అడిగింది అనంతలక్ష్మి.

"లేదండి. ఇప్పటికీ లేదండి."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. అనంతలక్ష్మి ఆపుకోలేదు, నవ్వేసింది.

"మా హాస్టల్లో పిల్లలు కూడా ఇంతే. అన్నం బావుందా అంటే బావుందంటారు. ఎంత తిన్నావని అడగాలి. మీరు ఎన్నేళ్ళుగా అల్లుతున్నారు?"

"యాభై అయిదేళ్ళండి."

"అన్నేళ్ళు అల్లితే పోని స్పర్శ, రెండేళ్ళలో ఎందుకు పోయింది? మీకేమనిపిస్తోంది? డాక్టర్లని తరవాత అడుగుతాను."

కనకరత్నం జలజ వైపు చూసింది. చెప్పనా అన్నట్టు.

"మేం వేళ్ళు మారుస్తామండి. దారం వేలికి కోసుకుంటది గదా. ఓ ఇరవై వరసలు చూపుడువేలి మీద, తరవాత మధ్యవేలి మీద. సూది పట్టే వేలు కూడా అంతే. ఏ వేలూ ఎక్కువసేపు మొయ్యదు. సాయంత్రం వేడినీళ్ళలో ఉప్పేసి ముంచుకుంటాం. తెల్లారేసరికి వేళ్ళు మళ్ళీ మనవే." చేతులు ఒళ్ళోకి తీసుకుంది. "ఈ తొడుగులకి అలా మార్చకూడదన్నారండి. మారిస్తే లెక్క చెడిపోద్దన్నారు. తొడుగు తడవకూడదని ఉప్పునీళ్ళూ వద్దన్నారు."

ఆ రెండు మాటలూ రాసింది జలజే. సూచనల కాగితంలో మూడో వాక్యం, నాలుగో వాక్యం. పదిహేనేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. రోజూ సాయంత్రం ఉప్పునీళ్ళ గిన్నె చూసింది. అదెందుకని ఒక్కసారి అడగలేదు.

"వేళ్ళు మార్చినా నమోదు చెయ్యొచ్చు మేడమ్," అంది. "కష్టం, కానీ అవుతుంది. ఎక్కువ నెలలు పడుతుంది. ఏ వేలికీ రోజుకి పావుగంట మించకుండా చెయ్యాలి. ఆ కొత్త తొడుగులు ముందు నేను వేసుకుంటాను. ఆరు నెలలు. నా వేళ్ళకి ఏమీ కాకపోతేనే ఇంకొకరికి."

"నువ్వా?" కనకరత్నం ఉండబట్టలేకపోయింది. "అవి వేసుకుని అల్లాలి గదే! పదిహేనేళ్ళుగా నేర్చుకోవే అంటే ఒక్క గొలుసు అల్లిన మొహమా?"

ఈసారి బల్ల చుట్టూ అందరూ నవ్వారు. విమలాదేవి కూడా.

ఆదినారాయణ లేచాడు. ఆయన ఏమంటాడో జలజకి తెలియదు. సోమవారం తరవాత ఆయన ఆమెతో పనిమాట తప్ప మాట్లాడలేదు.

"నేను ఇది తరవాత చెబుదామన్నాను మేడమ్. అది కూడా రాసుకోండి," అన్నాడు. "ఆ తొడుగు వేసుకుంటే తొందరపడ్డచోట నా చెయ్యి ఆగుతుంది. ఈ మూడు రోజులూ అదొక్కటే గుర్తొస్తోంది నాకు."

వాళ్ళని బయట కూర్చోమన్నారు. వరండాలో టీ వచ్చింది. కనకరత్నం గ్లాసుని ఎడమచేత్తో అందుకుంది. అది చూసి ఆదినారాయణ కూడా తన గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. ఎందుకు మార్చుకున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

నలభై నిమిషాల తరవాత పిలిచారు. మొదటి భాగానికి అనుమతి ఇచ్చారు, ఆరుగురు రోగులకి. ఉన్న చేతితో, అంటే కనకరత్నం చేతితోనే చెయ్యాలి. రెండో భాగం ఆపేశారు. ఆమె వేళ్ళకి వైద్యం ఆసుపత్రి చూసుకోవాలి, నరాలు ఎంతవరకు కోలుకుంటాయో ప్రతి వారం రాయాలి. రోగి సంతకం పెట్టే కాగితంలో ఆమె పేరు, ఆమెకి జరిగింది ఉండాలి. ఆఖరి షరతు అనంతలక్ష్మిది. శనివారం కాగితంలో ప్రశ్న మార్చాలి.

"ఏమని మార్చమంటారు?" అని అడిగింది జలజ.

"మీ అత్తగారినే అడగండి," అంది అనంతలక్ష్మి, సంతకం పెడుతూ.

*

కుట్టడానికి వీలైన మొదటి కవరు, అనుమతి దొరికిన పదకొండో రోజున వచ్చింది.

ఆమె పేరు మంగ. ఇరవై నాలుగేళ్ళు. కొబ్బరిపీచు మిషనులో ఎడమచేతి చూపుడువేలు మొదలంటా తెగిపోయింది. మొగుడు ఐస్‌క్రీము బండివాణ్ణి బతిమాలి ఐసు తెచ్చి, గంటన్నరలో ఆసుపత్రికి చేర్చాడు. జలజ వాళ్ళ ఎదురుగా కూర్చుని కాగితం చదివింది. "...ఈ తొడుగుల్లో ఉన్నది పల్లా కనకరత్నం గారి చేతి పని. అది ఇస్తూ ఆమె కుడిచేతి మూడు వేళ్ళకి స్పర్శ పోయింది..."

"ఆవిడెవరండీ?" అన్నాడు మొగుడు.

"మా అత్తగారు."

మంగ నొప్పిలోనే కళ్ళు తెరిచింది. "ఆవిడకి వేళ్ళు పోయాయా?"

"వేళ్ళున్నాయమ్మా. స్పర్శ లేదు. కొంత తిరిగి రావచ్చు, అంతా రాదంటున్నారు."

"ఆయ్," అంది మంగ. "మరి నేను సంతకం పెడితే ఆవిడ ఏమీ అనుకోదు గదండీ?"

"ఎప్పుడు పెడతారా అని ఇంట్లో కూర్చుని ఉంది."

మంగ కుడిచేత్తో సంతకం పెట్టింది.

ఆపరేషను అయిదు గంటలు పట్టింది. ఎముకకి తీగ, తరవాత కండరపు తాళ్ళు, ఆ తరవాత నాళాలు. జలజ తెర ముందు కూర్చుంది. మైక్రోస్కోపు కింద ఆదినారాయణ పెద్ద వేళ్ళు కొబ్బరాకు ఈనెల్లా సన్నగా కదులుతున్నాయి. మొదటి నాళానికి మూడో కుట్టు దగ్గర దారం బిగిసింది. వేలు ఆగింది. ఒక ఊపిరి తీసుకునేంతసేపు. మళ్ళీ కదిలింది. ఈసారి ఆయన "మీ అత్తగారు" అనలేదు.

ఎనిమిదో కుట్టు ముడి పడ్డాక, ఆయన బొటనవేలు ఒక పని చేసింది. పూర్తయిన వరస మీదుగా ఎడమ నుంచి కుడికి, ఒక్కసారి, తాకీ తాకనట్టు జరిగింది. అలా చెయ్యమని ఏ వైద్య పుస్తకంలోనూ ఉండదు, తొడుగులు కూడా వేలిని ఆపేవే గాని నడిపేవి కావు. కోడికాళ్ళ మీద పని చేసినప్పుడు కూడా జలజ దాన్ని గమనించలేదు. కానీ ఆ కదలిక ఆమెకి తెలుసు. పదిహేనేళ్ళుగా వరండాలో చూస్తున్నదే. వరస అయ్యాక కనకరత్నం లేసు మీద వేలు నడిపి, ఏ కన్నైనా తప్పిందా అని చూసుకునే తీరు అది. ఇప్పుడు ఆమె వేలికి ఆ కన్నులు తెలియవు. ఇక్కడ, ఈ మనిషి చేతిలో, అవి ఇంకా తెలుస్తున్నాయి.

"నాళానికి వేసిన క్లిప్పు తీస్తున్నా," అన్నాడు ఆదినారాయణ.

తెల్లగా, మైనపు ముద్దలా ఉన్న వేలు. అందరూ దాన్నే చూస్తున్నారు. గోరు మొదట్లో చిన్న మచ్చలా గులాబిరంగు కనబడింది. అది మెల్లగా వేలి కొస దాకా పాకింది. నర్సు వేలి చివర సూదితో గుచ్చితే ఎర్రటి చుక్క వచ్చింది. మంచి రక్తం.

ఆదినారాయణ తొడుగులు ఒలుచుకుని, జలజ అరచేతిలో పెట్టాడు. వెచ్చగా ఉన్నాయి.

"ఇంటికి ఫోను చెయ్యమ్మా ముందు," అన్నాడు.

*

శనివారం సాయంత్రం వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. జలజ వేళ్ళకి కొత్త తొడుగులున్నాయి. చేతిలో కొక్కెం సూది, ఒళ్ళో వంకరటింకర గొలుసు. గడియారం పావుగంట చూపించగానే తొడుగు చూపుడువేలి నుంచి మధ్యవేలికి మార్చుకుంది. పక్కనే గిన్నెలో ఉప్పేసిన వేడినీళ్ళు ఆవిర్లు కక్కుతున్నాయి.

"అది గొలుసా? వానపాములా ఉంది," అంది కనకరత్నం. "ఊడదియ్యి."

"మళ్ళీనా!"

"మళ్ళీనే. మంగ ఎలా ఉంది?"

"బావుంది. గోరు కింద గిచ్చితే తెలుస్తోందా అని రోజూ అడుగుతున్నారు. ఇంకా తెలియడం లేదట. ఆరు నెలలు పడుతుందన్నారు."

"తెలిసిన రోజున నాకు చెప్పు. వెళ్ళి చూస్తాను." తన కుడిచెయ్యి గిన్నెలో ముంచబోయి, గుర్తొచ్చి, ముందు ఎడమచేత్తో నీళ్ళ వేడి చూసుకుంది. తరవాత కుడిది ముంచింది.

జలజ కాగితం తీసింది. పాత ప్రశ్న కొట్టేసి ఉంది. కింద కొత్తది ఉంది. కనకరత్నం చెప్పగా రాసిందే.

"ఈ వారం మీ వేళ్ళతో ఏ పని చెయ్యలేకపోయారు?"

కనకరత్నం నీళ్ళలోకి చూస్తూ ఆలోచించింది.

"రాసుకో. జాకెట్టు హుక్కు వెతుక్కోలేకపోయాను. పువ్వుల మాలలో ముడి విప్పలేకపోయాను. చేపలో ముళ్ళు తియ్యలేకపోయాను." లోపల్నుంచి ఇందు ఏదో పాట పాడుకుంటూ ఇల్లంతా తిరుగుతోంది. కనకరత్నం గొంతు తగ్గించింది. "ఆ చివరిదాని పక్కన ఇంకోటి రాయి. మనవరాలు తీసిపెట్టింది. ఒక్క ముల్లు కూడా రాలేదు."